ఈ నల్ల పిల్లలు జంబుకోడివా, నీటికోడివా?

బోదెగట్టు: ఆకివీడు దగ్గర మా చేను. నాట్లయ్యాక నీళ్లు చూద్దామని వెళ్తే బోదెలో గుర్రపుడెక్క మధ్య నాలుగు నల్లటి పిల్లలు. కోడిపిల్లంత కూడా లేవు. తల్లి కనపడలేదు. మా అబ్బాయి సాయంత్రం ఫోనులో తీసిన ఫొటో పెడుతున్నా, కాస్త మసకగా ఉంది. ఏ పిట్టవో చెప్పండి. ఇంటికి తెచ్చి కోడి కింద వేస్తే బతుకుతాయా?

ఫణి_కొల్లేరు: జంబుకోడి, మూర్‌హెన్ అంటారే, అదే. ఫొటో పెద్దది చేసి చూడండి, ముక్కు మొదట్లో ఎరుపు ఉంది.

జమ్ముపొద: ఫణి గారూ, అది సాయంత్రపు ఎండ. జంబుకోడి పిల్లకి మాడు మీద నూగు పలచగా ఉండి ఎర్రటి చర్మం కనిపిస్తుంది. కంటిపైన నీలం ఛాయ, ఎర్రటి ముక్కు, దాని కొసన పసుపు. ఈ పిల్లలకి తలంతా మసి పూసినట్టు నలుపే. ఇవి తెల్లరొమ్ము నీటికోడి పిల్లలు. అది ఇళ్ల పక్క కాలవల్లో, బోదెల్లో తిరిగే పిట్ట, వానాకాలమంతా రాత్రీ పగలూ దాని అరుపులే కదా. బోదెగట్టు గారూ, ఇంటికి మాత్రం తేకండి. తల్లి గడ్డిలో నక్కి చూస్తూ ఉంటుంది, మీరు అక్కణ్ణుంచి కదిలితే గానీ బయటికి రాదు.

సుబ్బు77: బాతు పిల్లలండీ. మా తాతగారింట్లో ఉండేవి.

జమ్ముపొద: కాదండీ. మన చెరువుల్లో ఉండే మచ్చముక్కు బాతు పిల్లలు పసుపూ గోధుమా కలిసిన రంగులో ఉంటాయి, కంటి మీదుగా నల్లగీత, ముక్కు వెడల్పు. వీటిది సన్న ముక్కు.

ఫణి_కొల్లేరు: ఎండ అంటే నేనొప్పుకోను. ఎండైతే గడ్డి మీదా ఎరుపు పడాలిగా? చూడకుండా మాట్లాడేవాణ్ణి కాదు నేను. బొల్లికోడి, కూట్ అంటారే, దాని పిల్లల్ని కళ్లారా చూసి, ఎర్రటి తల, మెడ చుట్టూ నారింజ నూగు అని రాసి పిట్టలు చూసేవాళ్ల లిస్టులో పెట్టాను. ఫొటో స్పష్టంగా లేదని నా రికార్డు తీసేశారు, నేను చెప్పింది ఒక్కరూ వినలేదు. అందుకే చెబుతున్నా. రేపు ఒక పిల్లని చేతిలోకి తీసుకుని ముక్కు, కాళ్లు దగ్గరగా తీయండి. ఒక్క నిమిషం పని.

సిరి_టి: చేతిలోకా? 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పక్షి గుడ్లనీ గూటినీ కదిలించినా వేట కిందికే వస్తుంది. పిల్లని పట్టుకోమని సలహా ఎలా ఇస్తారండీ?

ఫణి_కొల్లేరు: చట్టం నాకే చెబుతారు. చెరువుల మీద వలలు కట్టి టపాకాయలు కాల్చేవాళ్లని ఒక్కరూ అడగరు.

చేపలచెరువు_శ్రీను: ఆ కాల్చేది మేమే. నీటికాకులు గుంపుగా దిగితే మేం వేసిన చేపపిల్ల మిగలదు, అప్పు మాత్రం మిగులుతుంది. ఈ నల్ల పిల్లల జోలికి మేమెప్పుడూ పోలేదు. మమ్మల్ని ఇందులోకి లాగకండి.

జమ్ముపొద: ఫణీ, గొడవ ముక్కు రంగు గురించి కాదు. పోయినేడు మునుగుడుకోడి గూడు చూడ్డానికి మనిద్దరం కలిసే వెళ్లాం. అది గూడు దిగేముందు తడి నాచు లాగి గుడ్ల మీద కప్పి వెళ్తుంది. నువ్వు పడవని నేరుగా గూటి మీదికి తోయించావు. దానికి కప్పే వ్యవధి లేకపోయింది. గుడ్లు బయటపడ్డాయి, మనం గట్టెక్కకముందే కాకులు దిగాయి. నీ ఫొటో మాత్రం బాగా వచ్చింది. నీతో రావడం మానేసింది అందుకే. ఇప్పుడు ఈ రైతుకీ అదే నేర్పిస్తున్నావు.

ఫణి_కొల్లేరు: నేను వెళ్లకపోయినా కాకులు వస్తాయి. మా ఊరి పక్క కుంట పూడ్చి ప్లాట్లు వేశారు. ఏటా అక్కడ పిట్టలు పిల్లల్ని చేసేవని ఎంత మొత్తుకున్నా, ఆధారం చూపించమన్నారు. నా దగ్గర ఒక్క ఫొటో లేదు. గూడు ఉందని రుజువు చేయలేకపోతే ఆ చెరువే పోతుంది, తర్వాత నీ మునుగుడుకోడి ఎక్కడ గుడ్లు పెడుతుంది?

జమ్ముపొద: గూడు పాడుచేసి తెచ్చిన రుజువుతో ఏ గూటిని కాపాడతావు?

సిరి_టి: రుజువుకి పిల్లని పట్టుకోనక్కర్లేదు. పిల్లలతో తిరిగే తల్లిని దూరం నుంచి చూడండి. ముఖం, రొమ్ము తెల్లగా, తోక కింద ఇటుకరంగు ఉంటే నీటికోడి. నుదుట ఎర్రబిళ్ల, ఒంటి పక్కన తెల్లగీత ఉంటే జంబుకోడి.

బోదెగట్టు: పొద్దున్నే అవతలి గట్టు మీద కూర్చుని చూశా. తెల్లరొమ్ము పిట్టే వచ్చింది, తోక ఆడిస్తూ. వెనక మూడు పిల్లలే ఉన్నాయి, నాలుగోది కనపడలేదు. ఆ పక్క కలుపుమందు కొట్టొద్దని పనివాళ్లకి చెప్పాను. ఫొటో తీయలేదు.

ఫణి_కొల్లేరు: ఫొటో లేకుండా నేను లిస్టులో ఎక్కించను. రేపు తల్లి వచ్చినప్పుడు ఆ గట్టు మీద నుంచే ఒకటి తీయండి, పిల్లలు కూడా పడేట్టు. దగ్గరికి వెళ్లొద్దు.