హౌ హై, వాన్ వైల్డర్, హెరాల్డ్ అండ్ కుమార్: కాలేజీ గంజాయి కామెడీల్లో రంగు, యాస

డల్లాస్_పిల్లోడు:
నిన్న రాత్రి రూమ్మేట్స్ "హౌ హై" పెట్టారు. 2001 సినిమా, మెథడ్ మాన్, రెడ్‌మాన్ హీరోలు. చచ్చిపోయిన ఫ్రెండ్ బూడిద ఎరువుగా వేసి పెంచిన గంజాయి తాగితే వాడు దెయ్యమై వచ్చి ఎంట్రన్స్‌కి ఆన్సర్లు చెప్తాడు, ఆ మార్కులతో హార్వర్డ్‌లో సీటు. పడీ పడీ నవ్వా. మా బ్లాక్ రూమ్మేటూ నవ్వాడు, అయిపోయాక మాత్రం "మావాళ్ళు హార్వర్డ్ గేటు దాటాలంటే దెయ్యం రావాలన్నమాట" అన్నాడు. అప్పట్నుంచి నాకు అదే తిరుగుతోంది. ఇలాంటి సినిమాలు మనిషి రంగు చూసి వేసే ముద్రల్ని ఎగతాళి చేస్తున్నట్టా, వాటి మీదే బతుకుతున్నట్టా? శుక్రవారం మళ్ళీ సినిమా నైట్ ఉంది, మంచిది ఏదైనా చెప్పండి.

ఎడిసన్_అన్నయ్య:
తమ్ముడూ హౌ హై సంగతి నాకు తెలీదు గానీ వాన్ వైల్డర్ గురించి అడుగు చెప్తా. 2002లో వచ్చింది, అందులో కాల్ పెన్ వేసిన టాజ్ అనే ఇండియన్ స్టూడెంట్, హీరోకి అసిస్టెంటు, ఆ యాస, అమ్మాయిల కోసం ఆ అంగలార్పు... మా ల్యాబ్‌లో రెండు సెమిస్టర్లు నా పేరు ఎవడూ పలకలేదు, టాజ్ అనే పిలిచారు. కాల్ పెన్ పుట్టింది న్యూజెర్సీలో, అది ఆయన యాస కూడా కాదు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ సినిమా టీవీలో వస్తే ఛానల్ మార్చేస్తా.

రీలు_మాస్టారు:
ఈ జానర్ మీద నేను ఫిల్మ్ స్టడీస్‌లో పేపర్ రాశాను కాబట్టి కొంచెం వినండి. హౌ హైలో వాళ్ళని తరిమెయ్యాలని చూసే డీన్ కూడా నల్లజాతి ఆయనే, ఆ పాయింట్ అందరూ వదిలేస్తారు. తెల్లవాళ్ళ మధ్య పెద్దమనిషి అనిపించుకోడానికి తనవాళ్ళనే ఈసడించుకునే మనిషి, ఆ సినిమాలో పదునైన చోటు అదొక్కటే. ఇక హెరాల్డ్ అండ్ కుమార్ 2004, కొరియన్ అమెరికన్ హెరాల్డ్, ఇండియన్ అమెరికన్ కుమార్ అందులో హీరోలు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ సీన్ గుర్తుందా, ఏషియన్ స్టూడెంట్స్ అంటే పుస్తకాల పురుగులని హెరాల్డే చులకన చేస్తాడు, తీరా చూస్తే క్యాంపస్‌లో అందరికన్నా పెద్ద పార్టీ వాళ్ళదే. జైల్లో ఒక నల్లజాతి ఆయన ప్రశాంతంగా పుస్తకం చదువుకుంటూ ఉంటాడు, ఆయన చేసిన నేరం ఒంటి రంగే.

పాలమూరు_పోరడు:
గా టాజ్ యాస మీద ఇంత ఏడుస్తున్నరు గదా, మన సినిమాల్ల తెలంగాణ యాస ఎవరికి పెట్టిన్రు ఇన్నేండ్లు? రౌడీకి, తాగుబోతుకి, కమెడియన్‌కి. హీరో మాత్రం ఎన్నడు మాట్లాడలే. హైదరాబాద్ కాలేజీల నేను నోరు తెరిస్తే నవ్వేటోళ్ళు, గది అమెరికాల కాదు.

కృష్ణలంక_కిరణ్:
ప్రతి టాపిక్‌లోకీ ఇది లాక్కురావాలా బ్రో? ఫిదా 2017లో వచ్చింది, హీరోయిన్ మొత్తం తెలంగాణలోనే మాట్లాడింది, రెండు వైపులా జనం నెత్తిన పెట్టుకున్నారు. కామెడీని కామెడీలా చూడటం నేర్చుకోవాలి.

పాలమూరు_పోరడు:
2017 అని నువ్వే చెప్పినవ్. దానికి ముంగట ఎన్ని దశాబ్దాలు? "కామెడీని కామెడీలా చూడు" అని ఎడిసన్ అన్నకి చెప్పు మరి, ఆయనకెందుకు చెప్పలే?

పలాస_లక్ష్మి:
మీ ఇద్దరూ కొట్టుకుంటే మా శ్రీకాకుళం ఊసే లేదు. పనిమనిషి, వాచ్‌మన్, అమాయకుడు, అందరికీ మా యాసే. మా అమ్మ నాతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కనున్నాళ్ళు నవ్వీవోరు.

కృష్ణలంక_కిరణ్:
సరే అక్కా, అమ్మగారి మాట విన్నాక ఇక వాదించను. కానీ రీలు మాస్టారు, ఆ యాసకి ఒప్పుకున్నది కాల్ పెన్నే కదా, తప్పు ఆయనదేగా.

రీలు_మాస్టారు:
ఆ టైంలో ఇండియన్ ముఖానికి వేరే వేషం ఎవరిచ్చారు? 2017లో ఆయన తన పాత ఆడిషన్ స్క్రిప్టులు ట్విట్టర్‌లో పెట్టాడు, యాస పెట్టి చెయ్యమన్నవే. చదవకుండా తీర్పులిచ్చేస్తారు.

కృష్ణలంక_కిరణ్:
ఒక పేపర్ రాస్తే అందరూ మీ స్టూడెంట్లు అయిపోరు సార్.

నర్సమ్మ_మనవరాలు:
ఆగండి ఇద్దరూ. డల్లాస్ బాబు రూమ్మేట్ మాట ఎవరూ పట్టించుకోలేదు. 2013లో ఏసీఎల్‌యూ అని అమెరికా పౌరహక్కుల సంస్థ రిపోర్టు వచ్చింది, గంజాయి తాగేవాళ్ళ శాతం తెల్లవాళ్ళలో, నల్లవాళ్ళలో ఇంచుమించు ఒకటే, కానీ గంజాయి దగ్గర ఉంచుకున్నందుకు అరెస్టయ్యే అవకాశం నల్లవాళ్ళకి 3.73 రెట్లు ఎక్కువ. అందుకే క్యాంపస్‌లో తెల్ల కుర్రాడు తాగితే అల్లరి కింద పోతుంది, నల్ల కుర్రాడు తాగితే కేసు అవుతుంది. ఆ అబ్బాయి నవ్వి కూడా బాధపడ్డాడంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇంకోటి, న్యూజెర్సీలో గంజాయి 2021 నుంచి లీగలే, కానీ ఫెడరల్ చట్టంలో నేరమే, ఎఫ్ వన్ స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలు సినిమాతో సరిపెట్టుకోండి.

డల్లాస్_పిల్లోడు:
థాంక్స్ అక్కా, మాది టెక్సస్, ఇక్కడైతే అసలే కుదరదు. శుక్రవారం హెరాల్డ్ అండ్ కుమార్ పెట్టేద్దామా మరి?

ఎడిసన్_అన్నయ్య:
పెట్టు. నేను దాన్ని థియేటర్లో చూశా. అందులో నలుగురు పోకిరీలు కొట్లో కౌంటర్ దగ్గరున్న మనవాణ్ణి మన యాసని వెక్కిరిస్తూ "థాంక్యూ కమ్ అగైన్" అని ఏడిపిస్తారు. మా బాబాయి గ్యాస్ స్టేషన్ కౌంటర్లో ఆయన వారానికోసారైనా పడిన మాట అదే, నేను పక్కనే ఉండి విన్నా. తర్వాత హెరాల్డ్, కుమార్ కలిసి వాళ్ళ ట్రక్కు ఎత్తుకుపోతారు చూడు, అప్పుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టా, హాల్లో ఇంకో ముగ్గురు నలుగురు మనవాళ్ళు కూడా లేచారు. మర్నాడు బాబాయిని తీసుకెళ్ళి మళ్ళీ చూశా. గంజాయి సీన్లకి ఆయన మొహం చిట్లించాడు, ట్రక్కు సీన్‌కి మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.