ఎస్ఎం58కి బూస్టర్ కొనాలా, అక్కర్లేదా?

పర్లాకిమిడి కథలు:
మా పెద్దవాళ్లు చెప్పే కథలు రికార్డు చేస్తున్నానండి. ఇక్కడి పిల్లలు ఒడియా మీడియం. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, వాళ్లకి వినిపించాలని. మైకు షూర్ ఎస్ఎం58, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ స్కార్లెట్ సోలో మూడో తరం. గెయిన్ (సిగ్నల్ పెంచే నాబ్) ఇంచుమించు చివరిదాకా తిప్పితే గానీ గొంతు అందట్లేదు, తిప్పితే వెనక ‘స్స్’ అని ఒకటే రొద. మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య పెట్టే క్లౌడ్‌లిఫ్టర్ లాంటి బూస్టర్ కొనమని ఒకరు, ఇంటర్‌ఫేస్‌లో ఉన్నది కాకుండా వేరే ప్రీఆంప్ (మైకు సిగ్నల్‌ని పెంచేది) పెట్టమని ఇంకొకరు. ఏది?

బరంపురం సౌండ్:
కళ్లు మూసుకుని బూస్టర్ కొనేయండి. ఇంటర్‌ఫేస్ మైకు కేబుల్‌లోనే పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో నడుస్తుంది, 25 డెసిబెల్ కలుపుతుంది, గెయిన్ సగంలోనే ఆగుతుంది. షూర్ వాళ్ల ఇంకో మైకు ఎస్ఎం7బికి కనీసం 60 డెసిబెల్ గెయిన్ కావాలని వాళ్లే చెప్తారు. మీ సోలో ఇచ్చేది 56. 2023లో వాళ్లే 18, 28 డెసిబెల్ పెంచే ప్రీఆంప్‌ని లోపలే పెట్టి ఎస్ఎం7డీబీ తెచ్చారు. అవసరం లేకుండానే తెచ్చారంటారా?

రాయగడ వైరింగ్:
అవసరం ఉన్న చోట ఉంది బాబూ. కానీ ఈవిడది ఎస్ఎం7బి కాదు, దానికంటే నాలుగు డెసిబెల్ పైనే ఎక్కువ సిగ్నల్ ఇచ్చే ఎస్ఎం58. ఒకసారి లెక్క కట్టి చూద్దాం.

94 డెసిబెల్ శబ్దానికి ఎస్ఎం58 ఇచ్చేది సుమారు 1.85 మిల్లీవోల్టులు. సోలో ప్రీఆంప్ సొంత రొద మైనస్ 128 డీబీయూ (వోల్టేజీని డెసిబెల్‌లో చెప్పే కొలత) అని కంపెనీ లెక్క, అంటే 0.3 మైక్రోవోల్టు చిల్లర. రెంటినీ పోల్చితే ప్రీఆంప్ రొద, మైకు ముందు 18–19 డెసిబెల్ శబ్దంతో సమానం. అర్ధరాత్రి నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా 30 దాకా ఉంటుంది. ఫ్యాన్ తిరిగితే 40 దాటడం మామూలే. మరి మీకు వినబడుతున్నది ఎవరి రొద?

పైగా 150 ఓమ్‌ల నిరోధం ఊరికే ఉన్నా మైనస్ 131 డీబీయూ చుట్టుపక్కల రొద పుట్టిస్తుంది. అది భౌతికశాస్త్రం, డబ్బు పెట్టినా తగ్గదు. మీ సోలో దానికి మూడు డెసిబెల్ దూరంలోనే ఉంది. బూస్టర్ ఎంత మంచిదైనా, బాగుపరచడానికి మిగిలింది ఆ మూడే.

బరంపురం సౌండ్:
కాగితం మీద లెక్కలు బాగానే ఉంటాయి గురువుగారూ. నేను చూసిన చవక డబ్బాల్లో గెయిన్ ఆఖరి పావు వంతుకొచ్చేసరికి బుస్సుమంటాయి. వాటికి బూస్టర్ తగిలిస్తే తేడా చెవికే తెలుస్తుంది.

రాయగడ వైరింగ్:
వాటి విషయంలో మీ మాటే ఒప్పు. సోలో ఆ బాపతు కాదు. కొనే ముందు ఆవిడే చూసుకోవచ్చు: గెయిన్ కదపకుండా, మైకుని బొంతలో చుట్టి బీరువాలో పెట్టి తలుపు మూసి రికార్డు చెయ్యాలి. రొద బాగా తగ్గిందంటే అది గదిది. అలాగే ఉందంటే ప్రీఆంప్‌దే, అప్పుడు బూస్టర్ కొనండి. కేబుల్ మాత్రం పీకకండి. ఖాళీ ఇన్‌పుట్ మామూలుకంటే ఎక్కువ రొద చేసి తప్పుదారి పట్టిస్తుంది.

గుణుపూర్ హార్మోనియం:
మీరంతా రొద చుట్టూనే తిరుగుతున్నారు. ప్రీఆంప్‌కి గుణం ఉండదేటి? 1970ల నాటి నీవ్ 1073 ప్రీఆంప్‌లో ట్రాన్స్‌ఫార్మర్ల వల్ల గొంతు నిండుగా ఒస్తాదని అందరూ అంటారు కదా.

రాయగడ వైరింగ్:
ఉంటుందండి, కాదనను. ఆ ట్రాన్స్‌ఫార్మర్లని కాస్త గట్టిగా నడిపితే హార్మోనిక్స్ (అసలు స్వరానికి తోడయ్యే పై స్వరాలు) కలుస్తాయి. కానీ చవక ట్యూబ్ (పాత రేడియోల్లోలాంటి వాల్వు) ప్రీఆంపుల్లో చాలావాటిలో ట్యూబుకి తక్కువ వోల్టేజీయే ఇస్తారు, ఆ పేరు చూసి మోసపోకూడదు. ఒకవేళ కొన్నా దాన్ని ముందే పెంచిన సిగ్నల్ తీసుకునే లైన్ ఇన్‌పుట్‌లోకే పెట్టాలి. మైకు ఇన్‌పుట్‌లోకి పెడితే రెండు ప్రీఆంపులు ఒకదాని మీద ఒకటెక్కుతాయి.

పర్లాకిమిడి కథలు:
బొంత పరీక్ష ఈ రాత్రికి చేస్తాను. మా గదికి పైన రేకులు, ఫ్యాన్ ఆపితే ముసలమ్మ అయిదు నిమిషాలు కూడా కూర్చోదు. మైకు జానెడు దూరంలో పెడుతున్నాను. ఇంకోటి, ఛార్జర్ పెట్టినప్పుడు ‘గుయ్’ మని కూడా ఒస్తోంది.

రాయగడ వైరింగ్:
జానెడు ఎక్కువమ్మా. బెత్తెడుకి తెచ్చి, నోటికి కాస్త పక్కగా పెట్టండి. ఒక్క రూపాయి లేకుండా ఎనిమిది డెసిబెల్ పైనే గొంతు పెరుగుతుంది, గెయిన్ ఆ మేరకు తగ్గించుకోవచ్చు. మైకు వెనక వైపు ఫ్యాన్‌కి తిరిగేలా నిలబెట్టండి, ఎస్ఎం58కి వెనక చెవి తక్కువ. ‘గుయ్’ ఛార్జర్‌ది, ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపి చూడండి, పోతే ఇంటి ఎర్తింగ్ చూపించుకోవాలి. ఏ ప్రీఆంపూ దానికి మందు కాదు.

బరంపురం సౌండ్:
ముసలమ్మ బెత్తెడు దూరంలో కదలకుండా కూర్చుంటుందా? కథ చెప్పేవాళ్లు చేతులు తిప్పుతారు, తల తిప్పుతారు, మధ్యలో గొంతు తగ్గించి గుసగుసలాడతారు. బూస్టర్ మాట నేను వెనక్కి తీసుకోను. అందరూ పడుకున్నాక ఫ్యాన్ ఆపి ఒక కథ చెప్పించండి, ఆ ఫైలు ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.