బేస్‌బాల్ మైదానాల కొలతలు, వివాదాస్పద హోమ్ రన్లు

ప్రశ్న (విజయనగరం):
నేను ఇక్కడ ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. తెల్లవారుజామున అమెరికా మేజర్ లీగ్ ఆటలు చూస్తుంటాను. బేస్‌ల (పరుగెత్తేవాడు వరసగా తాకాల్సిన మజిలీల) మధ్య 90 అడుగులు, బంతి విసిరే పిచర్ నిలిచే చోటి నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు అని ఇంత కచ్చితంగా నిర్ణయించిన ఆటలో, వెనుక గోడ దూరాన్ని మాత్రం ఊరికొక తీరుగా వదిలేయడం నాకు మింగుడుపడడం లేదు. బోస్టన్‌లో ఎడమవైపు గోడకు కొట్టుకుని కిందపడే బంతి మరో ఊళ్లో గోడ దాటి హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) అవుతుంది. తీర్పులపై వచ్చే గొడవలకు ఈ తేడాలే మూలమా? అన్నిచోట్లా ఒకే కొలత పెట్టకూడదా?

సమాధానం (శ్రీకాకుళం):
మాస్టారూ, కనీస కొలత ఉంది. 1958 జూన్ 1 తర్వాత కట్టే మైదానాల్లో హోమ్ ప్లేట్ నుంచి గోడకు, ఇరుపక్కల హద్దులైన ఫౌల్ లైన్ల వెంట 325 అడుగులు, మధ్యలో 400 అడుగులు ఉండాలని నియమం. బోస్టన్ మైదానం 1912 నాటిది. ఎడమవైపు వీధి అడ్డురావడంతో దూరం 310 అడుగులకే పరిమితమైంది, అందుకే అక్కడ గోడ 37 అడుగులకు పైగా లేచింది. 2000లో తెరిచిన శాన్ ఫ్రాన్సిస్కో మైదానంలోనూ సముద్రపు పాయ ఆనుకుని ఉండటంవల్ల ఆ నియమానికి మినహాయింపుతో కుడివైపు 309 అడుగులే దక్కాయి, అక్కడా గోడ ఎత్తు పెంచారు. స్థలం తగ్గినచోట ఎత్తు పెంచి బ్యాటర్‌కు అంతే కష్టం మిగల్చడం నాకు న్యాయంగానే తోస్తుంది. మన క్రికెట్‌లో సైతం బౌండరీ 65 నుంచి 90 గజాల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు కదా.

సమాధానం (బొబ్బిలి):
గొడవలు దూరంవల్ల రావు, గోడ పైఅంచువల్ల వస్తాయి. 1996 అక్టోబరు 9న న్యూయార్క్‌లో ఆ ఊరి జట్టు ఆటగాడు జీటర్ కొట్టిన బంతిని, ప్రేక్షకుల్లోని 12 ఏళ్ల బాలుడు గోడ మీదుగా చేయిచాచి తనవైపు లాగాడు. అంపైర్ హోమ్ రన్ ఇవ్వడంతో స్కోరు సమమైంది, చివరికి బాల్టిమోర్ ఓడింది. గోడకూ కుర్చీలకూ మధ్య నాలుగడుగుల ఖాళీ ఉంటే ఆ చేయి అందేదే కాదు.

2008 ఆగస్టు చివర హోమ్ రన్లకు రీప్లే వచ్చింది. నెల తిరక్కుండానే శాన్ ఫ్రాన్సిస్కోలో ఆ ఊరి జట్టు బ్యాటర్ మొలీనా కొట్టిన బంతి గోడపైనున్న ఆకుపచ్చ రేకు కప్పుకు తగిలి మైదానంలోకి తిరిగివస్తే సింగిల్ (ఒక బేస్ దక్కే దెబ్బ) అన్నారు. అతని బదులు వేరొకరు పరుగుకు దిగాక, బంతికి అంటిన ఆకుపచ్చ రంగు చూపి మొలీనా జట్టు అభ్యంతరం చెప్పింది. తీర్పు మారి హోమ్ రన్ మొలీనా ఖాతాలో, పరుగు రెండో ఆటగాడి ఖాతాలో చేరాయి. 2013లో క్లీవ్‌ల్యాండ్‌లో గోడ మీది హోమ్ రన్ గీత పైనున్న కమ్మీకి తగిలిన బంతిని, రీప్లే చూశాక కూడా డబుల్‌గానే (రెండు బేస్‌ల దెబ్బగానే) ఉంచారు. అది తప్పని లీగ్ మర్నాడు ఒప్పుకుంది. గీత వెనుక గట్టి వస్తువేదీ బంతిని వెనక్కి తన్నేలా ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం. కెమెరా దాని తర్వాతి మాట.

ప్రశ్న అడిగినవారు (విజయనగరం):
ఇద్దరికీ ధన్యవాదాలు. దూరం విషయంలో శ్రీకాకుళం వారి వాదనతో పూర్తిగా ఏకీభవించలేను. ఎత్తైన గోడ ఆకాశానికెత్తి కొట్టేవాడికి మేలుచేసి, తక్కువ ఎత్తులో బలంగా కొట్టేవాడిని శిక్షిస్తుంది. బొబ్బిలి వారి మాట మాత్రం సరైనది. క్రికెట్‌లో క్యాచ్ పట్టినవాడు తాడు తొక్కితే సిక్సర్. బేస్‌బాల్‌లో క్యాచ్ పట్టి గోడ అవతల పడిపోయినా బ్యాటర్ అవుటే, రన్నర్లకు ఒక బేస్ మాత్రం దక్కుతుంది. కాబట్టి అక్కడ పైఅంచు ఎవరికీ అనుమానం లేకుండా కనబడాలి. మా పిల్లల సాఫ్ట్‌బాల్ కోసం ప్రహరీ గోడ మీద పసుపు గీత గీయించి, ఆ పైన బంతి తిరిగిరాకుండా వదులుగా వల కట్టిస్తాను.