విండోస్ 10 పక్కన లినక్స్: రెండూ ఉంచుకోవాలా, పూర్తిగా మారాలా?

అద్దంకి వాసి:
సభ్యులకు నమస్కారం. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నా కంప్యూటరులో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేనందున విండోస్ 11కు మారే వీలు లేదు. అందుచేత పక్కనే ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థను కూడా వేసుకొని, పనిని బట్టి అటూ ఇటూ మారుతున్నాను. అయితే ఉబుంటు వాడిన తరువాత విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనుకబడి కనిపిస్తోంది. విండోస్ మూసి ఉబుంటులోకి వెళితే, డి డ్రైవులోని ఫైళ్లు తెరుచుకుంటున్నాయి గాని వాటిలో చేసిన మార్పులు భద్రం కావడం లేదు. ఇలా రెండింటితో నెట్టుకురావడం మంచిదా, పూర్తిగా ఉబుంటుకే మారడం మేలా?

స్వేచ్ఛామార్గం:
ఫైళ్ల ఇబ్బందికి కారణం విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగకుండా తన స్థితిని కొంత డిస్కులో దాచుకుంటుంది కనుక, ఆ డ్రైవును లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది. పవర్ ఆప్షన్లలోకి వెళ్లి దానిని తీసివేయండి. ఇక గడియారం సంగతి. మదర్‌బోర్డు మీది గడియారంలో విండోస్ స్థానిక సమయాన్ని ఉంచితే, లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీని ఉంచుతుంది. ఈ చిక్కు విండోస్ తెచ్చిపెట్టినదే కాబట్టి, దాని రిజిస్ట్రీ అనే అమరికల పట్టికలోనే యూటీసీకి మార్చడం న్యాయం. అసలు ప్రశ్నకు నా సమాధానం ఒక్కటే: పూర్తిగా మారిపోండి.

గోదారి గట్టు:
రిజిస్ట్రీ జోలికి పోనక్కరలేదు. టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో లినక్స్‌నే స్థానిక సమయానికి మార్చుకోవచ్చు.

స్వేచ్ఛామార్గం:
అలా చేస్తే ఆ ఆదేశమే హెచ్చరిస్తుంది. వేసవి సమయం (కొన్ని దేశాలలో వేసవికి గడియారాన్ని గంట ముందుకు జరపడం) మారినప్పుడు లెక్క తప్పుతుంది.

గోదారి గట్టు:
అద్దంకిలో వేసవి సమయం ఎప్పుడు మారుతుందండీ?

డాలస్ తెలుగు:
మాకు మారుతుంది. మార్చిలోనూ నవంబరులోనూ రెండు వ్యవస్థలూ ఎవరి పాటికి అవి గడియారాన్ని జరుపుతాయి. నేను రిజిస్ట్రీ మార్గాన్నే సమర్థిస్తాను.

పుటల కూర్పరి:
గడియారం దగ్గరే ఆగిపోయారు. అద్దంకి వాసి గారు ఆ కంప్యూటరు మీద ఏ పని చేస్తారో ఒక్కరూ అడగలేదు. నేను విజయవాడలో డీటీపీ, అంటే కంప్యూటరు మీద అచ్చుకు పుటలు కూర్చే పని చేస్తాను. పేజ్‌మేకర్ 7, ‘అను’ అనే తెలుగు ఫాంట్లు, ఆపిల్ కీబోర్డు అనే తెలుగు మీటల అమరిక, ఇవే నా జీవనాధారం. ఆ పేజ్‌మేకర్ 2001 నాటిదే, కాని మా వాడుకదార్లు తెచ్చే ఫైళ్లూ అందులోనివే. లోగడ ఒక మిత్రుని మాట విని ఒక శుభలేఖను, అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉన్న అక్షర సంకేతాల పద్ధతి యూనికోడ్‌లోకి మార్చి కొత్త పద్ధతిలో కూర్చాను. మార్పిడిలో పెండ్లికుమార్తె ఇంటిపేరులోని ఒత్తు ఎగిరిపోయింది. కార్డులు అచ్చయిన తరువాత గాని ఎవరూ చూడలేదు. కాగితం ఖర్చు నేనే భరించాను. పూర్తిగా మారిపోండి అనడం చాలా తేలిక.

స్వేచ్ఛామార్గం:
శుభలేఖ అచ్చుకు వెళ్లే ముందు ప్రూఫు దిద్దకపోవడం ఏ ఆపరేటింగ్ సిస్టమ్ లోపమో కూర్పరి గారే సెలవివ్వాలి. ఆపిల్ కీబోర్డు కావాలంటే లినక్స్‌లో ఐబస్ అనే టైపింగు సాధనంతో పాటు, మీటల అమరికలను అందించే ఎం17ఎన్ వేసుకుంటే దొరుకుతుంది. పుటల కూర్పుకు స్క్రైబస్ 1.6 ఉంది, అందులో తెలుగు ఒత్తులు సరిగానే వస్తాయి. నేర్చుకోవడానికి మనసు లేకపోవడం వేరు, వీలు లేకపోవడం వేరు.

పుటల కూర్పరి:
మనసు సంగతి మీరు నిర్ణయించవద్దు. ఎం17ఎన్‌లో ఆపిల్ అమరిక ఉన్నా, దానితో టైపు చేస్తే వచ్చేది యూనికోడ్. అది నా పేజ్‌మేకర్‌కు పనికిరాదు. నాకు ఇచ్చేది పేజీకి ఇంత అని. కొత్త పనిముట్టు మీద చేయి తిరిగేదాకా సగం పేజీలే అయితే ఆ మిగతా సగం కూలి ఎవరిస్తారు? మీరు నెల జీతం మీద కూర్చొని మాకు స్వేచ్ఛ బోధిస్తున్నారు.

నల్లగొండ మాస్టారు:
మధ్యలో ఒక మాట. భారతీయ భాషల ప్రామాణిక మీటల అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నవారికి విండోస్‌లోనైనా ఉబుంటులోనైనా అక్షరాలు ఒకే మీటల మీద ఉంటాయి. భాష మార్చడానికి కూడా రెండింటిలోనూ విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే చాలు. అటూ ఇటూ మారేవారికి ఇంతకంటె సుఖమైన మార్గం నాకు కనిపించలేదు.

స్వేచ్ఛామార్గం:
జీతం మాట వచ్చింది కాబట్టి నేనూ చెబుతాను. మా నాన్నగారు తమ ఊరి చరిత్ర రాసి సొంత ఖర్చుతో అచ్చువేయించారు. కూర్చిన ప్రెస్సు మూతపడింది, ఆయనా లేరు. నా దగ్గర మిగిలినది ఒక సీడీ. దానిలోని ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అను ఫాంట్లలో తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చడమే దానికి కారణం. అచ్చయిన పుస్తకం ఒక్కటైనా ఇంట్లో లేదు. నాకు విండోస్ మీద పగ లేదు. మీ వృత్తివారు రోజూ తయారుచేస్తున్న ఫైళ్లు రేపు ఎవరి పిల్లలకూ చదవడానికి రావన్నదే నా బాధ.

పుటల కూర్పరి:
ఆ మాట మొదటే చెప్పి ఉండవలసింది. మీ ఫైలు అను ఫాంట్ల 6వ వెర్షనులో చేసినదో 7వ దానిలో చేసినదో ముందు తేల్చుకోండి, రెండింటి అమరికా ఒకటి కాదు. తప్పు మార్పిడి సాధనం వాడితే సగం అక్షరాలే వస్తాయి. అది పేజ్‌మేకర్ ఫైలైతే, ఆ ఫాంట్లు ఉన్నచోట తెరిపించి ముందు పీడీఎఫ్ చేయించండి. కనీసం చదువుకోవచ్చు. ఆ పని చేసేది కూడా మీరు తీసివేయమంటున్న విండోస్ కంప్యూటరే.

స్వేచ్ఛామార్గం:
పీడీఎఫ్ చేసినా లోపల ఉండేది అవే పిచ్చి అక్షరాలు. అందులో మా ఊరి పేరు వెదికితే దొరకదు. అయినా మీరు చెప్పినట్లు ముందు అది ఏ వెర్షనో చూస్తాను.

పుటల కూర్పరి:
చూడండి. నేను మాత్రం విండోస్ తీయను. ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ తీసివేసి, పనికి మాత్రమే ఉంచుకుంటాను.

అద్దంకి వాసి:
ఫాస్ట్ స్టార్టప్ తీసివేశాక డి డ్రైవులో మార్పులు భద్రమవుతున్నాయి, కృతజ్ఞతలు. గడియారానికి గోదారి గట్టు గారి పద్ధతి పాటించాను. నాది గుమాస్తా లెక్కల పని, ఎక్సెల్‌తోనే సరిపోతుంది. ఎక్సెల్‌కు బదులు ఉబుంటులో ఉండే లిబ్రేఆఫీసులో మా పాత మాక్రోలు (లెక్కలను తమంతట తామే చేసే చిన్న ప్రోగ్రాములు) నడుస్తాయో లేదో తేలేదాకా రెండింటినీ ఉంచుతాను.