వేప చిగుళ్ళకి మందు కొట్టాలా, కోస్తూ కూర్చోవాలా?

గుంటూరు_పెరడు:
పోయినేడు సంపు తవ్వించేటప్పుడు ఇంటి వెనక వేపచెట్టు కొట్టించాం అండి, కూలీలు మోడు నేలమట్టంగా వదిలేసి పోయారు. అప్పట్నుంచి వాన పడితే చాలు మోడు చుట్టూ గుత్తులు గుత్తులుగా చిగుళ్ళు, అవి చాలవన్నట్టు ప్రహరీ పక్కన బండల సందుల్లోంచి కూడా. నెలకోసారి కొడవలితో కోస్తున్నా, ఒకటి కోస్తే నాలుగొస్తున్నాయి. మందుల షాపాయన గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టేయమంటాడు, మా అమ్మేమో వేప మీద మందేంట్రా అంటుంది. మీరైతే ఏం చేస్తారు?

కరీంనగర్_పోరడు:
మందే కరెక్ట్ అన్నా, ఏండ్లకేండ్లు ఎవడు కోస్తడు. కానీ స్ప్రే కొట్టకు, గాలికి పక్క మొక్కలు పోతయ్. మోడుని మల్లోసారి పైపొర కోసి, ఆ పచ్చి ఆరకముందే బ్రష్‌తో అంచు చుట్టూ, అంటే బెరడు కిందనే పూయాలె. నడిమిట్ల పోస్తే వేస్ట్, చేవ మందు గుంజదు. మా సుబాబుల్ మోడుకి గిట్లనే చేసిన, మల్ల లేవలే.

మిద్దెతోట_అక్క:
తమ్ముడూ, 2022 అక్టోబర్‌లోనే కేంద్రం గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని నోటిఫికేషన్ ఇచ్చింది కదా, పెరట్లో ఎవరికి వాళ్ళు పూసేసుకోమని ఎలా చెప్తావు? గుంటూరు గారూ, మీరు నెలాగి కోస్తున్నారు, అదే తప్పు. నెలకి ఆకులు విప్పుకుని వేరుకి మళ్ళీ తిండి పంపేస్తాయి. ఎర్రగా చిగురు కనపడగానే వారం వారం గిల్లేయండి, వేరులో దాచుకున్నది అయిపోయాక అదే చస్తుంది. ఓపిక కావాలి, ఏడాది పైనే పట్టొచ్చు.

బెజవాడ_బాబాయ్:
ఇంత రాద్ధాంతం ఎందుకయ్యా, మోడుకి బెజ్జం పెట్టి ఇంగువ కూరండి, లేకపోతే రాళ్ళుప్పు పొయ్యండి.

రిటైర్డ్_ఓవర్సీర్:
బాబాయ్ గారూ, పక్కన సంపు ఉందన్నారుగా! ఉప్పునీళ్ళు కాంక్రీట్‌లోకి దిగితే లోపల ఇనుము తుప్పు పడుతుంది, చెట్టు సంగతి తర్వాత ముందు సంపు పోతుంది. ఇంగువతో చెట్టు చావడం నా సర్వీసులో చూడలేదు, సాంబారుకి దాచుకోండి. అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు, ప్రహరీ పక్కన వచ్చేవి మీ మోడువేనా? గోడ అవతల వేపచెట్టు ఉందా?

గుంటూరు_పెరడు:
ఉందండి, పక్కింటి మామ్మగారిది, పెద్ద చెట్టు. ఇందాకే ఒక పిలక దగ్గర గడ్డపారతో తవ్వి చూశా, బొటనవేలంత వేరు గోడ కిందనుంచే వస్తోంది 😳

రిటైర్డ్_ఓవర్సీర్:
అనుకున్నా. సంపు తవ్వినప్పుడు ఆ వేరు తెగుంటుంది, దెబ్బ తగిలిన చోట వేప పిలకలు వేస్తుంది. దాని మీద మందు పూస్తే వేరెంబడి వాళ్ళ చెట్టుకి ఎక్కుతుంది.

కరీంనగర్_పోరడు:
గది నిజమే, గోడకాడియి ముట్టుకోకు. మోడు విషయంల మాత్రం నా మాట మారదు, కావాల్నంటే పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలువు.

మిద్దెతోట_అక్క:
మోడు వేర్లు ఆ చెట్టు వేర్లతో అతుక్కోలేదని గ్యారంటీ ఉందా? పక్కపక్కనే ఒకే జాతి చెట్లుంటే నేల కింద కలిసిపోవడం మామూలే.

గుంటూరు_పెరడు:
సరే అక్కా, ముందు గిల్లుడే. మోడు చుట్టూ తవ్వి గొడ్డలితో ఎంత వస్తే అంత తీయిస్తా. అమ్మ ఇప్పుడు కొత్తగా, ఉగాది పువ్వుకి ఒక్క పిలకన్నా ఉంచరా అంటోంది.

రిటైర్డ్_ఓవర్సీర్:
సంపు నుంచి ఎన్ని అడుగులు?

గుంటూరు_పెరడు:
మూడు.

రిటైర్డ్_ఓవర్సీర్:
పువ్వు మామ్మగారిని అడగమనండి.