స్పానిష్‌లో సెర్, ఎస్తార్: ఎక్కడ ఏది వాడాలో చెప్పండి

ప్రశ్న, హన్మకొండ నుంచి:
కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి పనికొస్తుందని యాప్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నా. వివరణంతా ఇంగ్లిష్‌లోనే. సెర్ అన్నా 'ఈజ్', ఎస్తార్ అన్నా 'ఈజ్' అని చెప్తది. 'మే గుస్తా' అంటే 'ఐ లైక్' అట, అందులో 'ఐ' ఎక్కడుందో కనిపించదు. ఎవరైనా విడమరిచి చెప్పండి అన్నా.

జవాబు, కరీంనగర్ నుంచి:
తమ్ముడూ, మధ్యలోంచి ఇంగ్లిష్‌ను తీసెయ్. 'సోయ్ దే వరంగల్' అంటే 'మాది వరంగల్'. 'సోయ్ ప్రొఫెసోర్' అంటే 'నేను టీచర్ని'. మన వాక్యంలో క్రియే లేదు కదా, అలాంటి చోట సెర్; 'సోయ్' దాని 'నేను' రూపమే. 'ఎస్తోయ్ ఎన్ కాజీపేట' అంటే 'కాజీపేటలో ఉన్నా'. 'ఎస్తా అబియెర్తో' అంటే 'తెరిచి ఉంది'. ఉన్నా, ఉంది అని వస్తే చాలావరకు ఎస్తార్.

గుస్తా అంటే మన 'నచ్చుతుంది'. 'మే గుస్తా ఎల్ కఫే', నాకు కాఫీ నచ్చుతుంది. 'మే గుస్తాన్ లోస్ మాంగోస్', నాకు మామిడిపండ్లు నచ్చుతాయి. నచ్చేవి ఎక్కువైతే క్రియ మారుతుంది, అచ్చం మనలాగే. దీనికి ఇంగ్లిష్ వాళ్ళు తిప్పలు పడాలి గానీ మనకేం టెన్షన్?

జవాబు, మంచిర్యాల నుంచి:
అన్న చెప్పింది బాగుంది, కానీ 'ఉంది' అన్నచోటల్లా ఎస్తార్ పెట్టకు. 'ఇక్కడ ఏదైనా బ్యాంకు ఉందా?' అంటే 'ఆయ్ ఉన్ బాంకో అకీ?' అదే బ్యాంకు ఎక్కడుందో అడగాలంటే 'దోందే ఎస్తా ఎల్ బాంకో?' మాకు ఆకలిగా ఉంది అనడానికి 'తెనేమోస్ ఆంబ్రే'. వయసు చెప్పడానికీ ఈ తెనేర్ క్రియే. 'ఆమె పొడుగ్గా ఉంటుంది' అనేది ఆమె తీరు కాబట్టి 'ఎస్ ఆల్తా', సెర్.

ప్రశ్నించినవారు:
ఇప్పుడు అర్థమైంది అక్కా. మరి కస్టమర్‌ను 'మీరు' అనాలంటే?

జవాబు, మంచిర్యాల నుంచి:
'ఉస్తెద్'. 'తూ' అంటే నువ్వు. అయితే ఉస్తెద్‌కు క్రియ 'ఆయన'కు వచ్చినట్టే వస్తుంది: 'ఉస్తెద్ ఆబ్లా', మీరు మాట్లాడతారు. 'ఆబ్లో' అంటేనే మాట్లాడతాను, ముందు 'యో' అక్కర్లేదు. నలుగురితో మాట్లాడితే లాటిన్ అమెరికాలో 'ఉస్తెదెస్'. స్పెయిన్‌లో మాత్రం చనువున్న గుంపును 'వోసోత్రోస్' అంటారు, దాని క్రియారూపాలు వేరు. నీ కస్టమర్లు ఎటువాళ్ళో ముందు కనుక్కో. మెక్సికో, కొలంబియా వాళ్ళైతే ఆ రూపాలు ఇప్పుడే బట్టీ పట్టడం టైమ్ దండగ.