ఏకమై యుండవలెను: ఒక్కటా, ఒక్కరా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

ఐక్య క్రిస్మస్ ఫ్లెక్సీకి యోహాను 17:21ని వాడుక భాషలో రాయమన్నారు. బైబిల్లో "ఏకమై యుండవలెనని" ఉంది. మా యూత్ పిల్లలు "వారందరూ ఒక్కరై ఉండాలి" అని రాసుకొచ్చారు. నాకు "ఒక్కటై" అనాలనిపిస్తోంది. నిజంగా తేడా ఉందా, నాదే చాదస్తమా? వ్యాకరణం తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (వరంగల్, రిటైర్డ్ తెలుగు పండితుడు)

చాదస్తం కాదమ్మా. అన్నదమ్ములు "మేమిద్దరం ఒక్కటే" అంటారు. "మేమిద్దరం ఒక్కరమే" అని ఎవరూ అనరు, అంటే ఇద్దరిలో ఒకరు లేనట్టే. ఒకరు, ఇద్దరు మనుషులకు; ఒకటి, రెండు మిగతావాటికి. మనుషుల గురించి చెబుతూ కావాలనే "ఒకటి" వాడితే, మనుషులు వేరువేరుగా ఉంటూనే విడదీయరానివాళ్లని అర్థం వస్తుంది.

విశేషమేమంటే గ్రీకు మూలంలోనూ ఇదే భేదం ఉంది. పురుషుణ్ణి చెప్పే "హెయిస్" వేరు, నపుంసక లింగంలోని "హెన్" వేరు. ఈ వచనంలో ఉన్నది హెన్. యోహాను 10:30లో "నేనును తండ్రియును ఏకమై యున్నాము" అన్నచోటా హెనే. తండ్రి, కుమారుడు ఒకే వ్యక్తికి రెండు పేర్లని వాదించినవాళ్లకు 3వ శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి వాడైన క్రైస్తవ రచయిత టెర్టూలియన్ ఇచ్చిన జవాబు ఇదే: అక్కడున్నది "ఒక్కటి", "ఒక్కడు" కాదు. లాటిన్‌లోనూ ఉనుం, ఉనుస్ అని రెండు రూపాలున్నాయి కాబట్టి ఆయన పని తేలికైంది. ఆయన తెలుగువాడైనా ఇబ్బంది పడేవాడు కాదు! 325లో బిషప్పుల నికయ సభ కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని తేల్చినప్పుడూ ఇద్దరినీ కలిపి ఒక్కరిని చెయ్యలేదు.

ఇక యోహాను 17లో సంఘాన్ని పోల్చింది ఆ ఐక్యతతోనే: "నాయందు నీవును నీయందు నేనును ఉన్నలాగున". కాబట్టి పిల్లల "ఒక్కరై" ఇక్కడ కుదరదు.

జవాబు (డోర్నకల్ నుంచి)

సార్ చెప్పింది మా దిక్కు చరిత్రకు కూడా సరిపోతది. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) నినాదం ఈ వచనమే. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే కలిసిన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఒక్కటైనయి. ఒకరి ఆరాధన పద్ధతిని ఇంకొకరు చెరిపెయ్యలే, ఎవరి అలవాటు వాళ్లకు చానా వరకు ఉన్నది. 1912లో డోర్నకల్‌కు బిషప్‌గా వచ్చిన అజరయ్య గారు 1919లో తరంగంబాడి సమావేశం నాటి నుంచి దీనికోసమే కొట్లాడిన్రు. 1945 జనవరి 1న పోయిన్రు, కలయిక సూడలే.

జవాబు (కాజీపేట నుంచి)

అన్నా, మరి బాప్టిస్టులు అందులో చేరలేదు కదా. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వొచ్చా అన్న దగ్గరే వాళ్లకు కుదరదు. మేం ఫాతిమానగర్ వాళ్లం, కతోలికులం. మాకు అది జ్ఞానస్నానం, సంఘాన్ని శ్రీసభ అంటాం. ఒకే బల్ల దగ్గర సత్ప్రసాదం (మీరనే ప్రభువు బల్ల రొట్టె) పంచుకోలేనప్పుడు "ఒక్కటే" అని ఫ్లెక్సీ మీద రాసుకోవడం సులువే. మా బోధ ప్రకారం ఐక్యత మనసులో ఉంటే చాలదు, కంటికి కనబడాలి. "లోకము నమ్మునట్లు" అని అదే వచనంలో ఉంది. కనబడనిది చూసి లోకం ఏం నమ్ముతుంది?

ప్రశ్న అడిగినవారు

అక్కా, మీ మాట కాదనను. నేను బాప్టిస్టునే. కానీ ఎఫెసీ 4:3లో "ఆత్మ కలిగించు ఐక్యమును కాపాడుకొనుట" అంటాడు పౌలు. ఉన్నదాన్నే కదా కాపాడుకునేది? ఏటా ఫ్లెక్సీల మీద "ఐక్యత సాధిద్దాం" అని రాస్తుంటే, అది ఇంకా మొదలే కాలేదన్నట్టు అనిపిస్తుంది నాకు.

జవాబు (వరంగల్, రిటైర్డ్ తెలుగు పండితుడు)

నా మాటకు నేనే ఒక అడ్డుపుల్ల వేస్తాను. గలతీ 3:28 చూడండి: "యేసుక్రీస్తునందు మీరందరును ఏకముగా ఉన్నారు". అక్కడ గ్రీకులో ఉన్నది హెన్ కాదు, హెయిస్! అంటే "ఒక్కరు". యూదుడు, గ్రీసు దేశస్థుడు, దాసుడు, స్వతంత్రుడు, అందరూ కలిసి ఒక్క మనిషి. ఎఫెసీ 2:15లో "ఒక్క నూతన పురుషుని" గురించి చెప్పిందీ ఇదే ధోరణి. మన అనువాదం యోహానులోనూ గలతీలోనూ "ఏకము" అనే సంస్కృత పదం వేసి ఈ భేదాన్ని కప్పేసింది. గ్రాంథికానికి ఆ సౌకర్యం ఉంది, వాడుక భాషకు లేదు. వాడుకలో రాసేవాళ్లు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

యోహాను మాట రాస్తే "ఒక్కటై" అని దిద్దండి. పిల్లలు గలతీ వచనం ఎంచుకుంటే మాత్రం "ఒక్కరు" ఉండనివ్వండి, నేను ఎర్ర కలం పట్టుకోను.